పుర్గా వాళ్ళ అమ్మ

ఆ బుధవారం సాయంత్రం తైసియా వంటింట్లో పొట్టి పీట మీద కూర్చుని కుక్క వెంట్రుకలు ఏరుతోంది. ఒళ్ళో పాత దిండు గలీబు, దాని నిండా వసంతంలో ఇంటి కుక్క పుర్గాని దువ్వి దాచిపెట్టిన తెల్లటి నూగు. ఆ నూగులో అక్కడక్కడ ముతక వెంట్రుకలు ఉంటాయి. వాటిని ఒక్కొక్కటే ఏరి పారేయకపోతే, వడికాక నూలు ఒంటికి ముళ్ళలా గుచ్చుకుంటుంది. కళ్ళజోడు ముక్కు మీదికి జారుతూ ఉంటుంది. చేతుల నిండా నూగు, పైకి తోసుకోవడానికి లేదు. అత్తగారు అగ్నియాకి నడుము నొప్పి. రెండేళ్ళకోసారి ఆవిడకి కొత్త నడుము పట్టీ కావాలి, అదీ కుక్క నూగుతో అల్లినదే కావాలి. కుక్క వెంట్రుకల్లో ఉన్న వేడి ఏ డాక్టరు మందులోనూ లేదంటుంది ఆవిడ. కుక్కని మాత్రం గడప దాటి లోపలికి రానివ్వకూడదంటుంది.

భర్త గెన్నాదీ బల్ల దగ్గర కూర్చుని సూప్ తాగుతున్నాడు. సగం గిన్నె అయ్యాక తల ఎత్తకుండానే చెప్పాడు.

"అమ్మ ఆదివారం రెండు గంటల రైలుకి వస్తోంది. ఇంక ఇక్కడే ఉంటుంది. ఆ ఊళ్ళో కట్టెలు కొట్టుకుని పొయ్యి వెలిగించుకునే వయసు కాదు ఆవిడది."

"మంచిదే," అంది తైసియా. పెద్దావిడ ఒంటరిగా ఉండటం ఆమెకీ ఇష్టం లేదు.

"కుక్క వాసన ఆవిడకి పడదు కదా. మా రేవులో పనిచేసే మకారిచ్ తీసుకుంటానన్నాడు. ఏటవతల పెద్ద ఆవరణ ఉంది ఆయనకి. తెల్ల కుక్క గేటు దగ్గరుంటే అందంగా ఉంటుందట. గొలుసు కూడా పొడుగ్గానే వేస్తానన్నాడు."

"గొలుసా?"

"మరి సోఫాలో కూర్చోబెడతారా? ఆ ఉప్పు ఇటివ్వు."

ఉప్పు ఇచ్చింది. పుర్గా గదిని వేడి చేసే రేడియేటర్ పక్కన పడుకుని, తన పేరు రాలేదు కాబట్టి తనకేమీ సంబంధం లేదన్నట్టు తోకలో ముక్కు దాచుకుని నిద్రపోతోంది. తైసియా మళ్ళీ గలీబులో చెయ్యి పెట్టింది. ముతక వెంట్రుక ఒకటి వేళ్ళకి తగిలింది. దాన్ని తీసింది, చూసింది, తిరిగి నూగులోనే పడేసింది. ఆ తర్వాత ఇంక ఏరలేదు. ఉన్నది ఉన్నట్టుగా కదురుకి ఎక్కించింది.

కుక్కని తెచ్చింది గెన్నాదీయే, అందులో అబద్ధం లేదు. తొమ్మిదేళ్ళ కిందట రేవు పని మీద ఉత్తరానికి వెళ్ళి, రెండు నెలల పిల్లని కోటు లోపల పెట్టుకుని వచ్చాడు. మంచుతుఫానులో తెచ్చాడు కాబట్టి, అక్కడివాళ్ళు ఆ తుఫానుని పిలిచే పుర్గా అన్న పేరే పెట్టాడు. జాతి పత్రాల మీద యజమాని అన్న చోట తన పేరు గుండ్రంగా రాయించుకున్నాడు. నెల రోజులు స్నేహితులందరికీ చూపించాడు. ఆ నెల అయ్యాక ఒక పొద్దున, బయట మైనస్ ముప్ఫై ఉన్నప్పుడు, దుప్పటి లాక్కుంటూ, "తాయా, నువ్వెలాగూ లేచావు కదా," అన్నాడు. ఆ ఒక్క మాటతో తొమ్మిదేళ్ళు గడిచిపోయాయి. నువ్వెలాగూ లేచావు కదా, కుక్కని తిప్పు. నువ్వెలాగూ కిందికి వెళ్తున్నావు కదా, చెత్త పడేయ్. నువ్వెలాగూ అల్లుతున్నావు కదా, మకారిచ్ భార్యకి కూడా ఒక జత చేతి తొడుగులు అల్లు. పాలీక్లినిక్‌లో ఆమె రోగుల పేర్లు రాసుకునే కిటికీ వెనక కూర్చుంటుంది, అక్కడా అదే పాట. పెద్ద డాక్టరు ఆ దారిన వెళ్తూ, "తైసియా, మీరెలాగూ ఖాళీగా ఉన్నారు కదా, నా గదిలో మొక్కలకి నీళ్ళు పొయ్యండి," అంటాడు. కిటికీ అవతల పద్నాలుగు మంది నిలబడి ఉంటారు. ఈ ఎలాగూ అనే మాటని కనిపెట్టిన మహానుభావుడు ఎవడో గానీ, జన్మలో ఒక్కసారి కూడా కుక్కని తిప్పి ఉండడని ఆమె అనుకునేది.

అయితే ఆమె ఇంట్లో ఎవరికీ చెప్పని సంగతి ఒకటుంది. ఆ తిప్పడం మొదట చాకిరీగానే ఉండేది. అయిదు అంతస్తులు దిగడం, అయిదు అంతస్తులు ఎక్కడం, లిఫ్టు లేదు. కుడి మోకాలు మూడో అంతస్తు దగ్గర కలుక్కుమంటుంది. బయటికి వెళ్ళే ముందు కుక్క పాదాలకి బాతు కొవ్వు రాయాలి, లేకపోతే రోడ్ల మీద మంచు కరగడానికి చల్లిన ఉప్పు పాదాలని కొరికేస్తుంది. వచ్చాక వేళ్ళ సందుల్లో కట్టిన మంచు గడ్డలు తియ్యాలి, కడుపు కింద తుడవాలి. ఇదంతా రోజుకి మూడుసార్లు. కానీ ఎప్పుడో, రెండో చలికాలంలోనో మూడోదాంట్లోనో, ఆ చాకిరీ మధ్యలో ఒక గంట ఆమెది అయిపోయింది. భవనాల వెనక, ద్వినా నది ఒడ్డున, పాత కలప డిపో తీసేసిన ఖాళీ స్థలం ఉంది. కుక్కలున్నవాళ్ళంతా అక్కడికే వస్తారు. అక్కడ ఎవరూ ఎవరి పేరూ అడగరు. నల్లటి పెద్ద కుక్క గ్రోమ్‌ని తెచ్చే ముసలాయన గ్రోమ్ తాత. పొట్టి కాళ్ళ బుబ్లిక్‌కి దూది కోటు తొడిగి తెచ్చే అమ్మాయి బుబ్లిక్ వాళ్ళ అమ్మ. తైసియా పుర్గా వాళ్ళ అమ్మ. తొమ్మిదేళ్ళలో ఆమెకి పెళ్ళయిందా, అత్తగారుందా, ఏం వండింది అని అడిగినవాళ్ళు లేరు. ఏటి మీద మంచు ఎంత మందం కట్టింది, ఎవరి కుక్కకి ఏ పాదం పగిలింది, ఇవే కబుర్లు. ఆ గంటలో ఆమె ఎవరికీ ఏమీ కాదు. ఆ సుఖం ఎలాంటిదో గెన్నాదీకి చెబితే, కుక్కల వాళ్ళతో నీకేం కబుర్లు అంటాడని చెప్పలేదు.

ఇప్పుడు ఆ గంట పోతుంది. పుర్గా ఏటవతల గేటుకి కట్టేసి ఉంటుంది, తను ఇక్కడ అత్తగారి పక్క సర్దుతూ ఉంటుంది. కుక్క లేకుండా మైనస్ ఇరవై ఏడులో ఒక ఆడది ఊరికే బయట తిరుగుతానంటే ఎవరు ఊరుకుంటారు? ఏం పని అంటారు. నిజమే, ఏం పని?

గురువారం ఆమెకి కాలు నిలవలేదు. పొద్దున గంట తిప్పవలసిన చోట రెండు గంటలు తిప్పి, పనికి ఆలస్యంగా వెళ్ళి, ఎముకల డాక్టరు దగ్గరికి వచ్చిన ముసలమ్మని పిల్లల డాక్టరుకి రాసింది. సాయంత్రం మళ్ళీ ఏటి ఒడ్డు పొడుగునా వంతెన దాకా నడిచింది. పుర్గాకే విసుగొచ్చి మంచులో కూర్చుంది. అయిదు అంతస్తులు ఎక్కుతూ ఒక్కొక్క మెట్టు మీదా ఒక్కొక్క మాట కూడబలుక్కుని, తలుపు తీయగానే చెప్పింది.

"గేనా, పుర్గాని ఇవ్వొద్దు."

గెన్నాదీ టీవీ చప్పుడు తగ్గించను కూడా లేదు. "సరే, సరే. వచ్చే వారం చూద్దాంలే. ముందు అమ్మని రానీ."

హమ్మయ్య అనుకుంది. చీదరించుకోకుండా జవాబిచ్చినందుకు అతని మీద కాస్త ప్రేమ కూడా కలిగింది. ఎంత చిన్నదానికి ఎంత పొంగిపోతున్నానో అని తర్వాత సిగ్గేసింది. శుక్ర, శనివారాలు పట్టీ అల్లింది. సూదుల కింద నూలు గరగరలాడుతూనే ఉంది. విప్పేద్దామా అని ఒకసారి అనుకుని, విప్పకుండా పూర్తి చేసి కుర్చీ వీపుకి వేలాడదీసింది.

ఆదివారం ఇంకా పూర్తిగా వెలుగు రాకముందే గెన్నాదీ లేచి, గడ్డం గీసుకుని, వంటింట్లోకి వచ్చాడు.

"తాయా, నువ్వు సంతకి వెళ్ళి మంచి కాడ్ చేప పట్టుకురా. అమ్మకి చేప పెట్టి కాల్చిన రొట్టె ఇష్టం కదా. త్వరగా వెళ్తే మంచివి దొరుకుతాయి. కుక్కని నేను తిప్పుతాలే."

ఆమె చేతిలో టీ కప్పు ఆగిపోయింది. పెళ్ళయి ఇరవై రెండేళ్ళు, కుక్క వచ్చి తొమ్మిదేళ్ళు. ఆ మాట వినడం ఇదే మొదటిసారి. వాళ్ళమ్మ వస్తోందని మనసు మెత్తబడిందేమో అనుకుంది. బస్సులో కూర్చుని దారి పొడుగునా ఆ మాటనే తిప్పి తిప్పి తలుచుకుంది, నేను తిప్పుతాలే, నేను తిప్పుతాలే. అద్దం మీద మంచు పూలు గోటితో గీకుతూ, మనిషి మారడానికి వయసు అడ్డం కాదనుకుంది.

సంతలో చేపల బల్ల ముందు తొమ్మిది మంది ఉన్నారు. ఒక్కొక్కరే తగ్గుతున్నారు. ఆమె ముందు ఇంకొక్కరే మిగిలారు. చేప అమ్మే ఆవిడ అప్పుడే తైసియా వంక చూసి, "నీకేది, తలతోనా తల లేకుండానా?" అంది. చెబుదామని నోరు తెరుస్తూ, సంచీ కోసం కోటు జేబులో చెయ్యి పెట్టింది. చేతికి తోలు తాడు తగిలింది.

పుర్గాని తిప్పే తాడు. అది ఎప్పుడూ ఆమె కోటు జేబులోనే ఉంటుంది, ఇంకెవరికీ అవసరం లేదు కాబట్టి. మరి గేనా కుక్కని దేనితో తిప్పుతున్నాడు? తిప్పుదామనుకున్నవాడు మొదట తాడేదీ అని అడుగుతాడు. అతను అడగలేదు. ఎందుకంటే అతను తిప్పడానికి తీసుకెళ్ళడం లేదు. నేను తిప్పుతాలే అన్న మాటకి అంత మురిసిపోయిన తనని తనే చెంప మీద కొట్టాలనిపించింది.

"తలతోనా తల లేకుండానా అమ్మాయ్?"

"వద్దు," అని ఆమె వరుసలోంచి బయటికి వచ్చేసింది. వెనక ఉన్నవాళ్ళు తెల్లబోయి చూశారు. అంతసేపు చలిలో నిలబడి వంతు వచ్చే వేళకి ఎవరైనా వెళ్ళిపోతారా?

బస్సు ఎప్పటి వేగంతోనే వెళ్ళింది గానీ ఆమెకి పాకుతున్నట్టు అనిపించింది. ఖాళీ స్థలం దగ్గర దిగేసరికి కాస్త వెలుగు వచ్చింది. అక్కడ కుక్కల వాళ్ళంతా గుంపుగా మూగి ఉన్నారు. గుంపు మధ్యలో గెన్నాదీ. అతని చేతిలో బట్టలారేసుకునే తాడు, బాల్కనీలోంచి కోసుకొచ్చినట్టున్నాడు, దాని చివర పుర్గా. దూరంగా రోడ్డు మీద మకారిచ్ కారు ఇంజను ఆపకుండా నిలబడి పొగ వదులుతోంది. మకారిచ్ మాత్రం అద్దం దించలేదు.

జరిగింది ఇది. గెన్నాదీ కుక్కని కారు వైపు లాగాడు. తొమ్మిదేళ్ళ అలవాటు ప్రకారం పుర్గా గుమ్మం దిగగానే ఎడమ పక్కకి, ఖాళీ స్థలానికి, అతన్నే లాక్కుపోయింది. అక్కడ గ్రోమ్ తాత చూశాడు. పుర్గా. మెడకి బట్టల తాడు. పట్టుకున్నది ముక్కూ మొహం తెలియని మనిషి. పక్కన ఆగి ఉన్న కారు. ఆ రోజుల్లో జాతి కుక్కల్ని ఎత్తుకుపోయేవాళ్ళ గురించి పేటంతా చెప్పుకుంటున్నారు. ముసలాయన గ్రోమ్‌ని దారికి అడ్డంగా కూర్చోబెట్టాడు. గ్రోమ్ కూర్చుంటే దూడంత ఉంటాడు.

"ఎన్నిసార్లు చెప్పాలయ్యా, ఇది నా కుక్క," అంటున్నాడు గెన్నాదీ. చెవులు ఎర్రబడిపోయాయి. "పత్రాల మీద నా పేరుంది."

"పత్రం చూసి తోక ఊపుతుందా నాయనా అది?" అన్నాడు గ్రోమ్ తాత. "నేను తొమ్మిదేళ్ళ నుంచి దీన్ని చూస్తున్నా. మైనస్ ముప్ఫై అయిదులో కూడా చూశా. నిన్నెప్పుడూ చూళ్ళేదే."

"నాకు పనుంటుంది. మా ఆవిడ తిప్పుతుంది."

"పుర్గా వాళ్ళ అమ్మకి మొగుడున్నాడా?" అంది బుబ్లిక్ వాళ్ళ అమ్మ, ఎవరినీ ఉద్దేశించకుండా. "ఒక్కతే ఉంటుందనుకున్నా నేను."

"నేనూ అలాగే అనుకున్నా," అన్నాడు ముసలాయన. "సరే, నీదే అన్నావు కదా. చిన్న సంగతి చెప్పు. చలికి ఇది మొదట ఏ కాలు ఎత్తుతుంది?"

గెన్నాదీ కుక్క కాళ్ళ వంక చూశాడు. పుర్గా నాలుగూ నేల మీదే పెట్టుకుని నిలబడి ఉంది. "ఏదో కాలు. ముందు కాలు."

"పాదాలకి ఏం రాస్తారు?"

"కుక్క పాదాలకి రాసేదేమిటి?"

"ఏ చప్పుడుకి భయపడుతుంది?"

"దేనికీ భయపడదు. ధైర్యం గల కుక్క."

బుబ్లిక్ వాళ్ళ అమ్మ మొహం తిప్పుకుని నవ్వు ఆపుకుంది. ఏటి మీద మంచు పగిలే చప్పుడుకి పుర్గా ఒణికిపోతుందని, అందరి కాళ్ళ మధ్యా దూరుతుందని అక్కడ కుక్కలతో సహా అందరికీ తెలుసు.

తైసియా గుంపు వెనకే ఆగిపోయింది. ఆ ప్రశ్నలు ఆమె తల లోపల ఇంకో దారి పట్టాయి. ఇవే తన గురించి అడిగితే? నీ భార్యకి మెట్లెక్కేటప్పుడు ఏ మోకాలు నొప్పి పెడుతుంది? ఏదో మోకాలు. చేతులు పగిలితే ఏం రాసుకుంటుంది? రాసుకునేదేమిటి. ఇంటిల్లిపాదికీ కుక్క నూగుతో తొడుగులు అల్లిన మనిషి తను సంతలో కొన్న నైలాన్ తొడుగులు ఎందుకు వేసుకుంటుంది? టీలో పంచదార ఎప్పుడు మానేసింది? ఏ చప్పుడుకి ఉలిక్కిపడుతుంది? తిన్న పళ్ళేన్ని బల్ల మధ్యకి తోసే చప్పుడుకి అని అతనికి తెలుసా? దేనికీ భయపడదు, మంచి ఆడది అంటాడు. ఇరవై రెండేళ్ళు ఒక కప్పు కింద ఉన్న మనిషి ఒక్కదానికీ జవాబు చెప్పలేడు. కోపం రావాల్సిన చోట ఆమెకి విచిత్రంగా ఒళ్ళు తేలికయింది. మూడు రోజుల నుంచి కాలు నిలవనివ్వనిదేదో అక్కడ నిలిచింది.

పుర్గాకి వాసన తగిలింది. ఒక్క గుంజు గుంజి తైసియా వైపు వచ్చింది. తాడుతో పాటు గెన్నాదీ కూడా నాలుగడుగులు వచ్చాడు. గుంపు దారిచ్చింది.

"వచ్చావా తల్లీ," అన్నాడు గ్రోమ్ తాత. "ఈ మనిషి నీకు తెలుసా?"

గెన్నాదీ ఆమె మొహంలోకి చూశాడు. ఆ చూపులో, చెప్పవే త్వరగా, నలుగురిలో నా పరువు తీయకు, అన్న తొందర తప్ప ఇంకేమీ లేదు. తైసియా అతన్ని తలపై టోపీ నుంచి బూట్ల దాకా నిదానంగా చూసింది. టోపీ కింద చెవులకి పుర్గా నూగు పట్టీ. బూట్లలో పుర్గా నూగు మేజోళ్ళు. అన్నీ తను అల్లినవే.

"తెలుసు," అంది. "మా అత్తగారి కొడుకు."

బుబ్లిక్ వాళ్ళ అమ్మ కిసుక్కుమంది, దాంతో అందరూ అందుకున్నారు. గ్రోమ్ తాత మాత్రం నవ్వలేదు. టోపీ సర్దుకుని, కుక్కని లేపి, దారి వదిలాడు.

తైసియా వంగి పుర్గా మెడలో బట్టల తాడు ముడి విప్పింది. గట్టి ముడి, చలికి బిగుసుకుపోయింది. పళ్ళతో విప్పాల్సి వచ్చింది. విప్పిన తాడు చుట్ట చుట్టి గెన్నాదీ చేతిలో పెట్టి, జేబులోంచి తోలు తాడు తీసి తగిలించింది. గెన్నాదీ ఆమెకి దగ్గరగా జరిగి గొంతు తగ్గించాడు. ఏదైనా అంటాడేమో, తప్పయింది అనకపోయినా, పోనీ తిడతాడేమో అని ఆమె ఒక్క క్షణం ఎదురు చూసింది.

"చేప తెచ్చావా?" అన్నాడు.

"తేలేదు," అంది తైసియా. "సంత మూడింటిదాకా ఉంటుంది. రెండో వరుసలో చివరి బల్ల. తలతోనే తీసుకో, రుచిగా ఉంటుంది. అక్కణ్ణుంచి స్టేషన్‌కి బస్సుంది, నేరుగా వెళ్ళి అత్తయ్యని తీసుకురా. పట్టీ కుర్చీ మీదుంది."

"నువ్వెక్కడికి?"

"తిప్పడానికి. మకారిచ్‌కి కుక్కని ఇవ్వటం లేదని చెప్పు. అత్తయ్యకి ఇంట్లో కుక్క ఉందని చెప్పు. రెండూ నువ్వే చెప్పాలి, నేను చెప్పను. పుర్గా వెళ్ళే రోజున నేనూ వెళ్తాను గేనా. ఎక్కడికని అడక్కు, నాకూ తెలీదు. వెళ్తానని మాత్రం తెలుసు."

గొంతు పెంచలేదు. చేపల ధర చెప్పినట్టే చెప్పింది. అతను చుట్టూ ఉన్న జనాన్ని చూసి, తాడు జేబులో కుక్కుకున్నాడు. రోడ్డు మీద మకారిచ్ కారు ఒకసారి హారన్ కొట్టింది, ఇంకోసారి కొట్టింది, చివరికి కదిలి వెళ్ళిపోయింది.

తైసియా ఏటి వైపు దిగింది. వెనక్కి తిరగలేదు. పది అడుగులు వేశాక పుర్గా ఆగింది. ఆ పొద్దున దాని పాదాలకి ఎవరూ కొవ్వు రాయలేదు, ఉప్పు కొరుకుతున్నట్టుంది. ఎడమ వెనక కాలు పైకెత్తి నిలబడింది. తైసియా నైలాన్ తొడుగు ఊడదీసి, మంచులో మోకరిల్లి, ఆ పాదాన్ని ఉత్త అరచేతిలో పెట్టుకుని ఊదింది. ఒడ్డు మీద నిలబడిన గెన్నాదీ చూశాడు. ఏ కాలో అతనికి అప్పుడు తెలిసింది.

ఆమె లేస్తుంటే కుడి మోకాలు కలుక్కుమంది. అది అతనికి కనపడలేదు. ఆమె ఇంక చూపించదలచుకోలేదు.